బెల్టు తెగిందా, మోటారు పోయిందా?

మాది కల్మల. రాయచూరు నుంచి మాన్వి, సింధనూరు వైపు బస్సెక్కితే దారిలో తగిలే ఊరు. ఇంట్లో తెలుగు, బజారులో కన్నడం, తాతల నాటి భూమి కాగితాల్లో ఉర్దూ. మూడింటి మధ్యా పెరిగినవాళ్లం మేము. పదిహేడో ఏట రాయచూరులో ఒక జిన్నింగు మిల్లులో మోటార్ల దగ్గర పనికి చేరాను. తర్వాత సొంతంగా వైండింగు షాపు పెట్టుకుని నలభై ఏళ్లు రాగితీగను నమ్ముకుని బతికాను. ఇప్పుడు డెబ్బై నాలుగు. చేతులు వణుకుతున్నాయి. సన్నతీగ చుట్టడం మానేశాను.

కిందటి నెల మనవరాలు ఆస్టిన్ నుంచి ఫోన్ చేసింది. "తాతా, అమ్మ ఇచ్చిన వాక్యూమ్ సరిగ్గా లాగట్లేదు. బాగు చేయించాలా, పారేసి కొత్తది కొనాలా?" నిలబెట్టి ముందుకూ వెనక్కూ తోసే రకం అది. వాళ్లమ్మ 2013లో కొన్నది. ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. కానీ ఇదే ప్రశ్న నలభై ఏళ్లపాటు నా షాపు గడప దగ్గర ఎంతోమంది అడిగారు. నేను చెప్పిన జవాబుల్లో తప్పులు తక్కువేం లేవు. రాసి పంపుతానన్నాను. ఆ రాసిందే ఇక్కడ కొంచెం పెంచాను. ఆమె వయసు పిల్లలు ఇంకెవరైనా చదువుతారేమోనని.

1. విప్పి చూడకుండా ఏ యంత్రమూ చచ్చిందనకండి.

షాపు పెట్టిన కొత్తలో ఒక భోజన హోటలాయన మిక్సీ తెచ్చాడు. స్విచ్చి వేస్తే ఉలుకూ పలుకూ లేదు. రెండు తీగలకు టెస్టు ల్యాంపు తగిలించాను, వెలగలేదు. వైండింగు తెగింది, కొత్తగా చుట్టాలన్నాను. ఆయన సరేనని వెళ్లాడు. ఆ సాయంత్రమే పాత తీగంతా కోసి లాగేశాను. అప్పుడు కంటపడ్డాయి కార్బన్లు. ఆర్మేచరుకు కరెంటు అందించే ఆ రెండు నల్లముక్కలు అరిగి అరిగి పెసరబద్దంత మిగిలాయి, కమ్యుటేటరును తాకడమే లేదు. ల్యాంపు వెలగకపోవడానికి కారణం అదీ. కార్బన్ల జత 3 రూపాయలు. తీగ అప్పటికే కోసేశాను గనక చుట్టక తప్పలేదు, 140 తీసుకున్నాను. నిజం చెప్పి డబ్బు తగ్గించుకోవచ్చు. చెప్పలేదు. ఆయన ఆ తర్వాత ఎన్నో ఏళ్లు "మా మేస్త్రీ" అంటూ నా దగ్గరికే వచ్చాడు. వచ్చినప్పుడల్లా నాకు ఆ పెసరబద్దలు గుర్తొచ్చేవి.

2011లో నేనూ మా ఇంటావిడా అమ్మాయి దగ్గరికి టెక్సాస్‌లోని ప్లేనో వెళ్లాం. ఈ గోడ నుంచి ఆ గోడకు ఇల్లంతా కార్పెట్. చెత్తబండి వచ్చే రోజు పొద్దున అల్లుడు అప్పట్లో వాళ్లింట్లో ఉన్న పాత వాక్యూమ్ తీసుకెళ్లి రోడ్డు పక్కన పెట్టాడు. "మోటారు పోయింది మామయ్యా, తిరుగుతోంది గానీ ఏమీ లాగట్లేదు" అన్నాడు. మోటారు పోతే ఎలా తిరుగుతుందయ్యా అని నవ్వి, బండి రాకముందే లోపలికి మోసుకొచ్చాను. తలకిందులు చేసి అడుగుపలక విప్పితే రబ్బరు బెల్టు తెగి పడివుంది. బ్రష్షు రోలరు చుట్టూ వెంట్రుకలు సవరంలా బిగుసుకుపోయాయి. ఆ రోలరు తిరగలేకే బెల్టు తెగింది. కత్తెరతో అరగంట పని. కొత్త బెల్టు రెండు కాఫీల ఖర్చు.

ఈ యంత్రం పుట్టుక సంగతి ఆ తర్వాత మనవరాలే చదివి చెప్పింది. అమెరికాలోనే ఒహాయో రాష్ట్రం, కాంటన్ ఊళ్లో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ అని ఒకాయన దుకాణం ఊడ్చే పనివాడట. ఉబ్బసం మనిషి. ఊడిస్తే లేచే దుమ్ముకు తట్టుకోలేక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, దిండు గలీబు కలిపి తన కోసం ఒక పరికరం కట్టుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. తోలు సామాను వ్యాపారం చేసే హూవర్ కుటుంబం ఆ హక్కులు కొనుక్కుంది. మిల్లులో పత్తి నుసి పీల్చి దగ్గినవాణ్ణి కనక, ఆ ఊడ్చే మనిషి నాకు చుట్టంలా అనిపించాడు.

2. జబ్బు ఎక్కడుందో చెవికీ ముక్కుకూ ముందు తెలుస్తుంది.

గొట్టంలో గుడ్డపీలిక ఇరుక్కున్నా, సంచి నిండినా మోటారు గొంతు పెరిగి కీచుమంటుంది. పాపం కష్టపడుతోంది అనుకుంటారు కొత్తవాళ్లు. అసలు సంగతి తిరగబడి ఉంటుంది. లాగడానికి గాలి లేక బరువు తగ్గింది, అందుకే వేగం పెరిగింది. అయితే చాలా యంత్రాల్లో మోటారును చల్లబరిచేదీ ఆ గాలే. అలాగే నడిపిస్తూ పోతే కాలుతుంది. తిరగలిలో రాయి పడ్డట్టు గరగరలాడితే బేరింగు. రబ్బరు మాడిన వాసన వస్తే బెల్టు. గొంతు పట్టేసే ఘాటు వాసన వస్తే వైండింగు మీది వార్నిష్, అప్పుడు వెంటనే ప్లగ్గు పీకేయాలి. కార్బన్ల దగ్గర చిన్న నీలిరవ్వలు మామూలే. కమ్యుటేటరు చుట్టూ నిప్పు వలయంగా తిరిగితే మాత్రం ఆర్మేచరు రోజులు దగ్గరపడ్డట్టే.

మిల్లు మోతలో నా ఎడమ చెవి ముప్పై ఐదేళ్లకే మందగించింది. ఎవరికీ చెప్పలేదు. స్క్రూడ్రైవరు మొనను బేరింగు మూతకు ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకు పెట్టుకుని వినేవాణ్ణి. ఎముక గుండా చప్పుడు తెలుస్తుంది. షాపులో నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒకసారి "ఏం వింటున్నారు మేస్త్రీ?" అని అడిగితే "నీకెందుకురా" అన్నాను. చెవిటివాణ్ణని బయటపడుతుందని భయం. ఆ కుర్రాడు రెండేళ్లకే వేరేచోటికి వెళ్లిపోయాడు.

3. సగం ధర లెక్క సగమే నిజం.

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే పారేయమంటారు. వినడానికి బాగుంటుంది. కానీ రాయచూరులో మనిషి కూలి చౌక, ప్లేనోలో మనిషి చేయి పడితేనే డబ్బు. అదే యంత్రం, అదే జబ్బు, అక్కడ పారేయాల్సింది ఇక్కడ పదేళ్లు నడుస్తుంది. అందుకని ధర కంటే ముందు చెడింది ఏ భాగమో చూడాలి. బెల్టు, ఫిల్టరు, సంచి, కార్బన్లు, రోలరు అయితే ఆలోచించనక్కర్లేదు, మార్చేయడమే. ప్లగ్గు తీగ పగిలితే తెలిసినవాళ్ల చేత కొత్త తీగ వేయించాలి, టేపు చుట్టి సరిపెట్టుకోకూడదు. మోటారు పోతే మాత్రం కూర్చుని లెక్క వేయాలి. గాలి పోయే దారిలో ప్లాస్టిక్కు చీలితే వదిలేయడమే మేలు.

మోటారు వయసుకూ ఒక లెక్కుంది. యూరోపు వాళ్ల 2013 నాటి నిబంధనల ప్రకారం, 2017 నుంచి అక్కడ అమ్మే వాక్యూమ్ మోటారు కనీసం 500 గంటలు నడవగలగాలి. వారానికి గంట వాడే ఇంట్లో అది తొమ్మిదిన్నరేళ్లు. మూడు గంటలు వాడితే మూడేళ్ల పైచిలుకు. కొని ఎన్నేళ్లయిందని అందరూ అడుగుతారు, ఎన్ని గంటలు నడిచిందని అడిగేవాళ్లు తక్కువ. ఆ తర్వాత విడిభాగాల మాట. భాగం దొరక్కపోతే ఎంత పనివాడైనా చేసేదేమీ లేదు. మన కేంద్ర ప్రభుత్వ వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలు, ఫోన్లు, ఇంటి సామాన్లు, వాహనాలు అని నాలుగు రంగాలు ఎంచుకుంది. నేను షాపు మూసేశాక వచ్చిన మాట ఇది. ముందే వచ్చి ఉంటే బాగుండేది.

లెక్క తప్పిన కథ ఒకటి నా ఖాతాలోనే ఉంది. మా పెదనాన్న కొడుకు బావి మోటారును మూడేళ్లలో మూడుసార్లు చుట్టాను. ఏ ఏటికి ఆ ఏడు చూస్తే కొత్తది కొనడం కంటే అదే చౌక. మూడో ఏడు మా వదిన మూడు చీటీలూ తెచ్చి బల్ల మీద పరిచి "కూడు మరిదీ" అంది. కూడితే కొత్త మోటారు వచ్చి పైన డబ్బు మిగిలేది. మోటారు మళ్లీ మళ్లీ ఎందుకు కాలుతోందో ఆ మూడేళ్లలో ఒక్కసారి కూడా పొలానికి వెళ్లి చూడలేదు. వెళ్తే తెలిసింది, అక్కడ సాయంత్రం వోల్టేజీ 170 దాటడం లేదు. చెడింది మోటారే అయినా జబ్బు బయట ఉంది.

4. కాపలాగా పెట్టినదాన్ని తీసేయడం రిపేరు కాదు.

దీన్ని రాయడానికే మిగతావన్నీ రాశానేమో. 1996 ఎండాకాలం. రాయచూరుకు బదిలీ మీద వచ్చిన ఒక బ్యాంకు ఆఫీసరు గారింట్లో వాక్యూమ్ క్లీనర్ ఉండేది, నేల మీద ఈడ్చుకుంటూ పోయే రకం. పది నిమిషాలు నడిచి ఆగిపోతుంది, అరగంట ఆగితే మళ్లీ నడుస్తుంది. ఆ రోగం నాకు తెలుసు. మోటారు పక్కన శనగగింజంత థర్మల్ కటాఫ్ ఉంటుంది, వేడి మితిమీరితే అదే కరెంటు ఆపేస్తుంది. అంటే అది బాగానే పనిచేస్తోంది. వేడి ఎందుకెక్కుతోందో వెతకడం నా పని. సంచి దులిపి వెలుతురుకు పట్టి చూసి ఉంటే, మా ఊరి సన్నదుమ్ము గుడ్డ రంధ్రాలన్నీ మూసేసిందని ఇట్టే తెలిసేది. సంచి ఉతికి ఆరేస్తే అయిపోయే పని.

ఆ రోజు షాపు నిండా పంపు మోటార్లు. కటాఫ్ వీకైంది, ఆ భాగం ఇక్కడ దొరకదు, నేను చూసుకుంటా అన్నాను. దాన్ని కత్తిరించి రెండు తీగలూ నేరుగా కలిపి టేపు చుట్టాను. 50 రూపాయలు. యంత్రం ఆగకుండా నడిచింది. ఆఫీసరు గారు సంతోషించి మరో ఇద్దరికి నా పేరు చెప్పారు.

మూడు వారాలకు నల్లగా మాడిన యంత్రంతో ఆయనే వచ్చారు. ఇల్లాలు దాన్ని ఆన్ చేసి ఉంచి లోపల ఫోన్ మోగితే వెళ్లారట. వచ్చేసరికి పొగ. కిటికీ పరదా అంటుకుంది. ప్లగ్గు పీకబోతే కరిగిన ప్లాస్టిక్కు అరచేతికి అతుక్కుంది. అదృష్టం, అంతకు మించి జరగలేదు. ఆయన నా మీద కోపంగా లేరు. "ఎందుకిలా అయింది?" అని మాత్రం అడిగారు. నేను టేపు చుట్టిన చోటు కేసి చూస్తూ "ఎక్కువ వోల్టేజీ వచ్చింది సార్" అన్నాను. నమ్మారు. మేస్త్రీ మాట కదా.

ఆ రాత్రి మా ఇంటావిడకు చెప్పాను. అన్నం వడ్డిస్తూ అంతా విని "ఆమె చెయ్యెట్లుందో అడిగినారా?" అంది. అడగలేదు. మరుసటి ఏడు వాళ్లు బదిలీ అయి వెళ్లిపోయారు. ఆ తర్వాత ఏ యంత్రంలోనూ ఫ్యూజు గానీ, కటాఫ్ గానీ, ఎర్తు తీగ గానీ తప్పించి నడిపించలేదు. దొరక్కపోతే దొరకలేదని చెప్పి యంత్రం తిరిగి ఇచ్చేశాను. గిరాకీ కొంత పోయింది. మీ దగ్గరికి ఏ రిపేరువాడైనా వచ్చి "నేరుగా కలిపేశా, ఇక ఆగదు" అంటే, ఆ పూటే ఆ యంత్రాన్ని మూలన పెట్టేయండి.

5. ఏ నేలకు పుట్టిన పనిముట్టు ఆ నేల మీదే రాణిస్తుంది.

2013లో మేం మళ్లీ ప్లేనోలో ఉన్నప్పుడు అమ్మాయి కొత్త వాక్యూమ్ కొంది. నేను బెల్టు వేసిన పాతదాన్ని వదల్లేకపోయాను. కర్ర వేరు, ఒళ్లు వేరు చేసి పెట్టెలో సర్ది కల్మలకు మోసుకొచ్చాను. మా ఇంటావిడ కొన్న సామాను రెండు కిలోలు దానికోసం అక్కడే ఉండిపోయింది.

ఇక్కడికొచ్చాక రెండు చిక్కులు. అది 120 వోల్టులది, మన గోడలో 230. పైగా 12 ఆంపియర్లు లాగుతుంది, అంటే 1,440 వాట్లు. దానికి తగిన ట్రాన్స్‌ఫార్మరంటే ఒక మనిషి ఎత్తలేనంత కాకపోయినా ఎత్తి నడుం పట్టుకునేంత బరువు. చుట్టడం నాకు చేతనవును, రాగికి డబ్బు పెట్టడానికి మనసొప్పలేదు. ఒక డయోడు వరసలో పెట్టాను. సగం అల కోసేస్తుంది, సగం వోల్టేజీ అవుతుందని లెక్క. ఆ లెక్క తప్పని నాకు తెలిసుండాలి. డయోడు దాటాక కూడా వేడి లెక్కన 163 వోల్టులు మిగులుతుంది, 120కి పుట్టిన తీగలో దాదాపు రెండింతల వేడి. యంత్రం విమానంలా అరిచింది. ఇరుగుపొరుగు పిల్లలంతా చేరారు. నాలుగైదు నిమిషాలు. కమ్యుటేటరు చుట్టూ నేను ఎన్నోసార్లు ఇతరుల యంత్రాల్లో చూసిన ఆ నిప్పు వలయం తిరిగింది, తర్వాత పొగ.

ఇంకో చిక్కు అంతకన్నా సాదా. మా ఇంట్లో పరిచినవి షాబాదు బండలు. ఆ యంత్రంలో రోలరు కార్పెట్ పోగుల్ని కొట్టి దుమ్ము లేపడానికి పెట్టింది, బండ మీద అది చేసిందల్లా వడ్లపొట్టును గది నాలుగు మూలలకూ చిమ్మడం. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ సేల్స్‌మన్లు ఇల్లిల్లూ తిరిగి మనవాళ్లకు అమ్మినవి ఎక్కువగా గొట్టం ఉండే రకం ఎందుకో అప్పుడు అర్థమైంది. మా ఇంటావిడ ఆ పొట్టంతా పొరకతో ఊడుస్తూ "దీన్ని కూడా ఎత్తమంటారా?" అని యంత్రం వైపు చూపించింది.

6. ఇంటి పనిముట్టును వరుసలో చివర పెట్టకండి.

ఊళ్లోవాళ్ల మిక్సీలన్నీ బాగు చేసినవాణ్ణి, మా ఇంటి మిక్సీని ఎనిమిది నెలలు షాపు అటక మీద ఉంచాను. పోయింది కింది కప్లరు ఒక్కటే. రేపు, రేపు. మా ఇంటావిడ శేంగల కారం రోట్లో దంచింది, రుబ్బిందీ రోట్లోనే. రోటి పచ్చడి రుచి వేరులే అని నేను మెచ్చుకుంటూ తిన్నాను. భుజం నొప్పి అని ఆ ఏడే మొదటిసారి అంది. 2019లో వెళ్లిపోయింది. మిక్సీ ఇంకా నడుస్తోంది.

7. పారేయడానికీ ఒక పద్ధతుంది.

కాలిన తీగల కట్టలను షాపు వెనక తగలబెట్టి రాగి తీసేవాళ్లం. అందరూ చేసేదే. ఆ నల్లపొగ ఎవరింట్లోకి పోతోందో చూడలేదు. 2022లో వచ్చి 2023 ఏప్రిల్ నుంచి అమలైన ఈ-వ్యర్థాల నియమాల జాబితాలో వాక్యూమ్ క్లీనర్ కూడా ఉంది, రిజిస్టరైన రీసైక్లర్‌కు చేరేలా చూసే బాధ్యత తయారుచేసినవాడిదే. పాత సామాను బండికి వేసే ముందు ఎక్కడికి పంపుతారని ఒక మాట అడగండి. ఇవ్వబోయే ముందు పనికొచ్చే బెల్టు, ఫిల్టరు, రోలరు తీసి దాచుకోండి. పక్కింట్లో అదే మోడల్ ఉండొచ్చు.

మనవరాలి సంగతి. ఫోన్‌ను యంత్రం పక్కన పెట్టి ఆన్ చేయమన్నాను. కుడిచెవితో విన్నాను. గొంతు హెచ్చుగా ఉంది, గరగర లేదు. వాసన ఏమిటని అడిగితే పాత సాక్సుల వాసనంది. తీగ పొడవునా వేళ్లతో తడిమి ఎక్కడా పగుళ్లు లేవని చెప్పింది, అదీ ప్లగ్గు పీకాకే చూడమన్నాను. ఫిల్టరు చివరిసారి ఎప్పుడు కడిగావంటే "ఫిల్టర్ ఉంటుందా?" అంది. పన్నెండేళ్లు.

ఫిల్టరు కొత్తది తెప్పించుకుంది. గొట్టం ఊడదీసి చీపురుపుల్ల దూర్చి చూస్తే ఒక పిల్లల సాక్సు, రెండు జడపిన్నులు వచ్చాయి. సాక్సు తనదేనట, ఐదో తరగతి నాటిది. రోలరు వెంట్రుకలు కోస్తూ, "అడుగున కొన్ని తెల్లవి ఉన్నాయి తాతా" అంది. వాళ్లమ్మకు అప్పట్లో తెల్లవెంట్రుకలు లేవు. అవ్వ కొత్త వాక్యూమ్ వచ్చిన ఆ చలికాలం అక్కడే ఉందని చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు.

నిన్న రాత్రి ఫోటో పంపింది. యంత్రం బిగించేసి నిలబెట్టింది, నడుస్తోందట. పక్కన గాజుగిన్నెలో ఒక స్క్రూ. "ఇది మిగిలింది తాతా, పర్వాలేదా?" పర్వాలేదు అనడానికి ఈసారి నా నోరు రాలేదు. మళ్లీ ప్లగ్గు పీకి, విప్పి, ఎక్కడిదో చూడమన్నాను. ఇంకా ఫోన్ రాలేదు.